దారి తప్పిన చిరునామాలు

2019 ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున్నే నాన్న ఫోన్ చేశారు. మామూలుగా మా మాటలు "తిన్నావా, చలి ఎలా ఉంది" దగ్గర మొదలై, ఎవరి పెళ్ళి కుదిరింది అన్న దగ్గర ముగుస్తాయి. ఆ రోజు మాత్రం ఎత్తగానే, "ఏరా, తాతయ్య మీద రాశావే, అది తీసేశావా?" అన్నారు.

"లేదు నాన్నా. ఎందుకు తీస్తాను?"

"మరి పెదనాన్న నొక్కితే పేజీ లేదని వస్తోందట. ఇప్పుడు కాదు, మూడేళ్ళ నుంచీ. నువ్వే ఏదో ఆలోచించి తీసేశావనుకుని ఆయన అడగలేదు. నిన్న మాటల్లో వచ్చింది."

వెంటనే నా సైటు తెరిచి చూశాను. టపా ఉంది. మొదటి పేజీలోంచి వెతుక్కుంటూ వెళ్తే వస్తోంది. పెదనాన్న దగ్గరున్న పాత లంకె నొక్కితే మాత్రం 404. ఇల్లుంది, ఇంటికెళ్ళే దారి లేదు. వచ్చిన చిరునామా చదివి ఎవరిని ఏ గదిలోకి పంపాలో చెప్పేది నేను రాసుకున్న ఓ రెండు వరసల ప్రోగ్రాము. నేను అప్పటికి ఎనిమిదేళ్ళుగా జీతం తీసుకుంటున్నది సరిగ్గా అలాంటి పనులకే మరి.

ఆ రెండు వరసల్లో తప్పేమిటో చెప్పాలంటే, అసలు అలాంటి వరసలు ఎక్కణ్ణుంచి వచ్చాయో చెప్పాలి. ఆ కథంటే నాకు చాలా ఇష్టం. కంప్యూటర్ల పని చెయ్యనివాళ్ళు కూడా చదవచ్చు, భయం లేదు. మధ్యలో బోరు కొడితే చివరికి వెళ్ళిపోండి, పెదనాన్న అక్కడే ఉంటారు.

ముందు తాతయ్య గురించి రెండు ముక్కలు. ఆయన తెనాలి దగ్గర మా ఊళ్ళో బ్రాంచి పోస్ట్‌మాస్టరు. పోస్టాఫీసంటే వేరే భవనం ఏమీ లేదు, మా ఇంటి వీధి అరుగే పోస్టాఫీసు. బస్సులో తపాలా సంచి వచ్చేది. అరుగు మీద బోర్లించి, ఉత్తరాలు వీధుల వారీగా కుప్పలు పోసేవారు. సగం ఉత్తరాల మీద చిరునామా సరిగ్గా ఉండేది కాదు. కొన్నిటి మీద ఇంటిపేరు మాత్రమే, కొన్నిటి మీద "రామాలయం పక్క సందు", ఒక్కోదాని మీద "పెద్ద కోడలికి అందజేయగలరు". అయినా అన్నీ చేరేవి. ఆయన తల్లో ఒక వరస ఉండేది. ముందు ఇంటిపేరు చూడు. ఆ ఇంటిపేరు వాళ్ళు రెండు మూడిళ్ళు ఉంటే పక్కన రాసిన గుర్తు చూడు. అదీ లేకపోతే ఉత్తరం ఏ ఊరినుంచి వచ్చిందో ముద్ర చూడు, ఆ ఊళ్ళో ఎవరి పిల్లలున్నారో ఆలోచించు. దేనికీ అందకపోతే గూట్లో పెట్టు, సాయంత్రం రచ్చబండ దగ్గర అడుగు. ఈ వరసలో ఒకటి ముందుకూ ఒకటి వెనక్కీ జరిగినా ఉత్తరం తప్పు గడప ఎక్కేది.

1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ వచ్చింది. శ్రీరామ్ భికాజీ వేలాంకర్ అనే ఆయన రూపొందించారు. ఆరు అంకెలు. తెనాలిది 522201. మొదటి 5 చూస్తే మన దక్షిణాది ముక్క, 52 చూస్తే కోస్తా, 522 చూస్తే గుంటూరు వైపు, చివరి మూడూ ఫలానా పోస్టాఫీసు. ఢిల్లీలో సంచులు కట్టేవాడికి తెనాలి ఎక్కడుందో తెలియక్కర్లేదు, మొదటి అంకె చాలు. ఎడమనుంచి కుడికి చదువుతూ, ఎంతవరకు అవసరమో అంతవరకే చదివి, సరైన సంచిలో పడెయ్యడం. ఈ రోజు వెబ్ సర్వర్లు చేసే పని అచ్చంగా ఇదే. అన్నట్టు మన పేర్లు కూడా అంతే కదా. ఇంటిపేరు ముందు, పేరు తరువాత. పెద్దది ముందు, చిన్నది వెనక. ఈ దేశం వచ్చాక ఫారాలన్నిట్లో దాన్ని తిరగేసి రాయలేక నేను పడ్డ అవస్థ ఇంకో టపాకి సరిపోతుంది.

సరే, వెబ్ దగ్గరికొస్తాను. టిమ్ బెర్నర్స్-లీ స్విట్జర్లాండులోని సెర్న్‌లో 1989లో ప్రతిపాదన రాసి, 1991కల్లా వెబ్‌ని బయటివాళ్ళకి చూపించారు. చిరునామా ఎలా ఉండాలో ఆయన రెండు చోట్లనుంచి అప్పు తెచ్చుకున్నారు. ముందు భాగం, అంటే సైటు పేరు, ఇంటర్నెట్‌లో అప్పటికే ఉన్న పద్ధతి. అది చిన్నదాన్నుంచి పెద్దదానికి వెళ్తుంది. ఆ తరువాత ఏటవాలు గీతలతో వచ్చే దారి యూనిక్స్ ఫైళ్ళ పద్ధతి. అది పెద్దదాన్నుంచి చిన్నదానికి వస్తుంది. అంటే ఒకే చిరునామాలో సగం అమెరికా పేరులాగా, సగం మన పేరులాగా ఉంటుందన్నమాట. మళ్ళీ మొదలుపెడితే మొత్తం పెద్దదాన్నుంచి చిన్నదానికే రాసేవాణ్ణని, ఆ మొదట్లో వచ్చే జంట గీతలు కూడా అనవసరమేనని ఆయనే తరువాత ఒప్పుకున్నారు.

ఆ రోజుల్లో దారి అంటే నిజంగా దారే. చిరునామాలో "పుస్తకాలు" అని ఉంటే సర్వరులో ఆ పేరుతో ఒక ఫోల్డరు ఉండేది, దాన్లో ఆ పేరుతో ఒక ఫైలు ఉండేది. సర్వరు చేసేదల్లా ఆ ఫైలు తీసి ఇవ్వడం. గుమస్తా బీరువా తీసి కాగితం అందించినట్టు. బీరువా సర్దితే చిరునామా మారిపోతుంది. ఫైలు పేరు మార్చారా, ఎక్కడో ఎవరో దాచుకున్న లంకె చచ్చిపోయినట్టే.

1993లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలోని ఎన్‌సీఎస్‌ఏ వాళ్ళ సర్వరుతో సీజీఐ అనే పద్ధతి వచ్చింది. ఫైలు ఇవ్వడానికి బదులు సర్వరు ఒక ప్రోగ్రాముని నడిపి, అది చెప్పింది పంపచ్చు. వెబ్ జాతకమే మారిపోయింది. షాపులు, వెతుకులాటలు, ఇప్పుడు మనం వాడేవన్నీ ఆ గుమ్మంలోంచి వచ్చినవే. కాకపోతే చిరునామాలు వికారంగా తయారయ్యాయి. ప్రోగ్రాము పేరు, దాని వెనక ప్రశ్నార్థకం, దాని వెనక సమానం గుర్తులూ అంకెలూ. ఫోన్‌లో ఎవరికైనా చదివి చెప్పాలంటే ఆయాసం వచ్చేది. ప్రశ్నార్థకం కనబడితే ఆనాటి వెతుకు యంత్రాలు కూడా లోపలికి వెళ్ళడానికి జంకేవి.

ఇక్కడే సూత్రాలతో చిరునామాలు పోల్చడం మొదలైంది. 1996 ఏప్రిల్‌లో రాల్ఫ్ ఎంగెల్‌షాల్ అనే జర్మన్ ప్రోగ్రామరు అపాచీ సర్వరు కోసం మాడ్-రీరైట్ అనే ముక్క రాశాడు. మరుసటి ఏడాది జులైలో దాన్ని అపాచీ బృందానికి ఉచితంగా ఇచ్చేశాడు. ఆలోచన సులువే. బయటివాళ్ళకి ఒక చక్కటి చిరునామా ఇవ్వు. అది గుమ్మంలోకి రాగానే ఒక సూత్రంతో పోల్చి, లోపల వాడే వికారపు చిరునామాగా మార్చు. బయటి పేరుకీ లోపలి బీరువాకీ ఉన్న ముడి ఆ రోజు తెగింది. బీరువా ఎన్నిసార్లు సర్దుకున్నా బయటి చిరునామా మారక్కర్లేదు. ఇది ఎంత పెద్ద స్వేచ్ఛో, ఎంత పెద్ద బాధ్యతో చాలామందికి వెంటనే అర్థం కాలేదు. ఆ సూత్రాలు రాయడం కూడా అంత సులువు కాదు. అపాచీ వాళ్ళ సొంత పత్రాల్లోనే దాన్ని చేతబడితో పోల్చిన మాట ఒకటి చాలా ఏళ్ళు ఉండేది. నేను ఎమ్మెస్ చదివేటప్పుడు లాబ్‌లో ఒక్క రీరైట్ వరస కోసం రాత్రంతా కూర్చున్నాను. తెల్లారి చూస్తే ఒక చుక్క ముందు బ్యాక్‌స్లాష్ పెట్టలేదు. అంతే.

చేతబడి అంటే గుర్తొచ్చింది. ఈ సూత్రాల భాషని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అంటారు. దాని పుట్టుక కంప్యూటర్లలో కాదు, మెదడులో. 1943లో వారెన్ మెక్‌కల్లక్ అనే నరాల శాస్త్రవేత్త, వాల్టర్ పిట్స్ అనే కుర్రాడు కలిసి, మెదడులోని కణాల పనిని తర్కంలో రాయచ్చని ఒక వ్యాసం రాశారు. పిట్స్‌కి అప్పటికి ఇరవై ఏళ్ళే, డిగ్రీ కూడా లేదు. 1951 వేసవిలో స్టీఫెన్ క్లేనీ అనే గణిత శాస్త్రవేత్త రాండ్ సంస్థలో కూర్చుని, అలాంటి నరాల వల ఎలాంటి సంఘటనల వరసల్ని గుర్తుపట్టగలదు అన్న ప్రశ్న వేసుకున్నారు. జవాబు రాయడానికి చిన్న గుర్తుల భాష ఒకటి కావాల్సొచ్చింది. ఒకదాని తరువాత ఒకటి, ఇదో అదో, ఒకటే ఎన్నిసార్లైనా. ఈ మూడే. "ఎన్నిసార్లైనా, అసలు లేకపోయినా" అన్నదానికి ఆయన పెట్టిన నక్షత్రం గుర్తు * ఈ రోజుకీ ఆయన పేరుతోనే ఉంది. ఆ వరసలకి "రెగ్యులర్" అని పేరు పెడుతూ, ఇంతకన్నా మంచి పేరు ఎవరైనా సూచిస్తే సంతోషం అని పక్కనే రాసుకున్నారు. అది 1956లో అచ్చయింది. ఇన్నేళ్ళయినా ఎవరూ సూచించినట్టు లేరు.

దాన్ని కాగితం మీంచి యంత్రంలోకి తెచ్చింది కెన్ థాంప్సన్. తరువాత యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకరయ్యారే, ఆయనే. 1968 జూన్‌లో అచ్చయిన చిన్న వ్యాసంలో, సూత్రం ఇస్తే దాన్ని ఐబీఎం 7094 యంత్రానికి నేరుగా అర్థమయ్యే ఆదేశాలుగా మార్చే పద్ధతి చూపించారు. ఆయన దాన్ని వాడింది క్యూఈడీ అనే ఎడిటర్‌లో మాటలు వెతకడానికి. అక్కణ్ణుంచి యూనిక్స్ ఎడిటర్లలోకి, 1973కల్లా గ్రెప్ అనే పనిముట్టులోకి వచ్చింది. 1986లో టొరంటోలో హెన్రీ స్పెన్సర్ దీనికో ఉచిత లైబ్రరీ రాశారు. మరుసటి ఏడాది ల్యారీ వాల్ విడుదల చేసిన పెర్ల్ భాష త్వరలోనే దాన్ని ఇముడ్చుకుని, ఎన్నో కొమ్మలు వేయించింది. మెదడు కణాల కోసం పుట్టిన గుర్తులు అలా ఎడిటర్ల మీదుగా, పెర్ల్ మీదుగా అపాచీ గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాయి.

ఒక్క ఉదాహరణ. ^/టపాలు/[0-9]+/$ అని రాశాననుకోండి. టోపీ గుర్తు అంటే ఇక్కణ్ణుంచే మొదలవ్వాలి. చదరపు బ్రాకెట్లలోది అంకె, కూడిక గుర్తు అంటే ఒకటో అంతకన్నా ఎక్కువో. డాలరు అంటే ఇక్కడితో అయిపోవాలి. కాబట్టి /టపాలు/143/ వస్తే లోపలికి రానిస్తుంది, /టపాలు/కొత్తవి/ వస్తే తరువాతి సూత్రం దగ్గరికి పంపేస్తుంది. టోపీ, డాలరు మర్చిపోతే మధ్యలో ఎక్కడ కలిసినా రానిస్తుంది. అరుగు మీద తాతయ్య కూర్చోకపోతే సంచిలో ఎవరు పడితే వాళ్ళు చెయ్యి పెట్టినట్టు.

2003లో అమెరికాలో క్యాన్సస్ రాష్ట్రం, లారెన్స్ అనే ఊళ్ళో, ఒక స్థానిక దినపత్రిక సైటు నడపడానికి ఏడ్రియన్ హొలొవాటీ, సైమన్ విల్లిసన్ అనే ఇద్దరు జాంగోకి పునాది వేశారు. 2005 జులైలో అది అందరికీ విడుదలైంది. పత్రికలవాళ్ళకి చిరునామా అంటే పట్టింపు ఉంటుంది, నిన్నటి వార్త రేపు కూడా దొరకాలి కదా. అందుకేనేమో జాంగోలో చిరునామాల కోసం ప్రత్యేకంగా ఒక ఫైలే పెట్టారు. ఎడమపక్క సూత్రం, కుడిపక్క ఏ ప్రోగ్రాముకి పంపాలో దాని పేరు. ఆ ఫైలు పైనుంచి కిందకి చదివితే సైటు మొత్తం కళ్ళకి కడుతుంది. కొత్త ప్రాజెక్టులో చేరితే ఈ రోజుకీ నేను ముందు తెరిచేది ఆ ఫైలే. 2004లో వచ్చిన రెయిల్స్ ఇంకో దారి పట్టింది. అక్కడ గుర్తుల గజిబిజి లేకుండా, చిరునామాలో మారే భాగాలకి పేర్లు పెట్టి ముందు రెండు చుక్కలు పెట్టేవాళ్ళు. చివరికి 2017 డిసెంబరులో జాంగో 2.0 కూడా ఆ తరహాకే వచ్చింది. అంకె కావాలంటే "అంకె" అని చెప్పు చాలు, గుర్తులు నేను చూసుకుంటాను అంది. పాత పద్ధతిని తీసెయ్యలేదు, పక్కన ఉంచింది.

జాంగో, రెయిల్స్ రెండిట్లోనూ పై వరస కలిస్తే కింది వరస చూడరు. ఈ ఒక్క నియమం ఎంతమంది నిద్ర చెడగొట్టిందో. పేరు చెప్పకూడని ఒక క్లయింటు దగ్గర, శుక్రవారం సాయంత్రం, ఒక కొత్త వరసని జాబితాలో పైన పెట్టాను. అది "ఏ పేరైనా సరే" అనే సూత్రం. దాని కింద ఉన్న "బిల్లులు" అనే వరస ఆ వారాంతం అంతా ఒక్కసారి కూడా పిలుపు అందుకోలేదు. బిల్లులు అన్నది కూడా ఒక పేరే కదా మరి! సోమవారం పొద్దున జరిగిన మీటింగు గురించి రాయను. జావా సర్వ్‌లెట్ల వాళ్ళు మొదట్నుంచీ వరసని నమ్ముకోలేదు. అచ్చంగా కలిసినదానికి మొదటి పీట, తరువాత ఎక్కువ పొడవు కలిసినదానికి. పిన్‌కోడ్ పద్ధతి. 2024 ఫిబ్రవరిలో గో భాష 1.22లో ఇంకా కచ్చితం చేశారు. రెండు సూత్రాలు కలిస్తే మరింత నిర్దిష్టమైనదే గెలుస్తుంది. ఏది నిర్దిష్టమో తేల్చలేకపోతే ప్రోగ్రాము మొదలవ్వనే అవ్వదు. నా ఓటు దీనికే. శుక్రవారం సాయంత్రం మొండికేసినా ఫరవాలేదు, సోమవారం దాకా నటించకూడదు.

ఈ సూత్రాలతో ఇంకో ప్రమాదం ఉంది. తెలియని ఊళ్ళో ఇల్లు వెతుకుతున్నారనుకోండి. ఒక సందులోకి చివరిదాకా వెళ్ళి, కాదని తెలిసి, మొదటికొచ్చి, ఇంకో సందు. ప్రతి సందులో మళ్ళీ సందులుంటే? పెర్ల్, పైథాన్, ఇంకా చాలా భాషలు ఇలాగే వెతుకుతాయి. థాంప్సన్ 1968లోనే చెప్పిన పద్ధతి వేరు. సందు చీలిన ప్రతిచోటా ఒక మనిషిని పంపు, అందరూ ఒక్కో అడుగు కలిసి వెయ్యండి. ఇల్లు దొరికితే దొరికింది, లేకపోతే చివరికి అందరూ ఒకేసారి లేదంటారు. 2007 జనవరిలో రస్ కాక్స్ రాసిన వ్యాసంలో ఈ తేడా కొలిచి చూపించారు. కావాలని తయారుచేసిన ఒక సూత్రంతో, 29 అక్షరాల మాటని పోల్చడానికి పెర్ల్‌కి నిమిషం పైన పట్టింది. థాంప్సన్ పద్ధతికి 20 మైక్రోసెకన్లు. నలభై ఏళ్ళ పాత పద్ధతి! ఆ తరువాత కూడా పాఠం అందరికీ ఎక్కలేదు. 2016 జులై 20న స్టాక్ ఓవర్‌ఫ్లో సైటు 34 నిమిషాలు పడిపోయింది. ఎవరో ఒక టపాలో ఇరవై వేల దాకా ఖాళీలు కొట్టారు, ఖాళీలు కత్తిరించే సూత్రం సందుల్లో చిక్కుకుపోయింది. 2019 జులై 2న క్లౌడ్‌ఫ్లేర్ వంతు. దాడుల్ని పసిగట్టడానికి గుమ్మం దగ్గర పెట్టిన ఒక కొత్త సూత్రం యంత్రాల శక్తినంతా తాగేసింది. ప్రపంచంలో ఎన్నో సైట్లు 27 నిమిషాలపాటు తలుపు తియ్యలేదు.

ఇక నా రెండు వరసల సంగతి. 2009లో నేనీ దేశం వచ్చిన కొత్తలో తెలుగు బ్లాగులంటే ఒక పండగ. రాత్రి అసైన్‌మెంటు పక్కన పడేసి లేఖినిలో టైపు చేసేవాణ్ణి. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, నేను వాడిన ఉచిత సేవకి తెలుగు శీర్షిక పెడితే చిరునామాలో ఏమీ మిగిలేది కాదు. ఇంగ్లీషులో "బ్లాగ్ పోస్ట్" అని, పక్కన ఓ అంకె. దాని చిట్కా కూడా గుర్తుండాలి. ముందు శీర్షిక ఇంగ్లీషు లిపిలో పెట్టి ప్రచురించి, వెంటనే వెనక్కి వచ్చి తెలుగులోకి మార్చడం! సాంకేతికంగా అడ్డంకేమీ లేదు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది, దాని చిరునామాల్లో చక్కగా తెలుగు పేర్లే ఉంటాయి. ఇంగ్లీషు కాని లిపుల్లో చిరునామాలు ఎలా రాయాలో 2005 జనవరిలో ఆర్‌ఎఫ్‌సీ 3987 పేరుతో ప్రమాణం కూడా వచ్చింది.

2011లో సొంత డొమైను కొని, తెలుగు చిరునామాలు ఇచ్చే ఇంకో సాఫ్ట్‌వేరుకి మారాను. అక్కడో తమాషా. మన అక్షరం ఒక్కోటి యూటీఎఫ్-8లో మూడు బైట్లు. ఒక్కో బైటూ చిరునామాలో శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలు. అంటే "త" అన్న ఒక్క అక్షరానికి తొమ్మిది. గుణింతం గుర్తులు విడిగా లెక్క కాబట్టి "తెలుగు" అన్న మాటకి యాభై నాలుగు. ఆ సాఫ్ట్‌వేరు చిరునామాకి కేటాయించినది 200 అక్షరాలు. ఇరవై రెండు గుర్తులు దాటగానే నా శీర్షికలు మధ్యలో తెగేవి. అయినా తెలుగు తెలుగే కదా అని మురిసిపోయాను.

తాతయ్య 2011 కార్తీక పౌర్ణమి నాడు పోయారు. నాకప్పుడే ఉద్యోగం వచ్చింది, వీసా మధ్యలో ఉంది, వెళ్ళలేకపోయాను. ఏడాది తరువాత "తాతయ్య తపాలా సంచి" అని ఒక టపా రాశాను. అరుగు, కుప్పలు, గూట్లో ఉత్తరాలు, అన్నీ. దాన్ని నాన్న, పెదనాన్న, మేనత్తలు అందరూ దాచుకున్నారు. పెదనాన్నకైతే ఆయన మనవడు ఫోన్‌లో ఒక బొమ్మలా పెట్టిచ్చాడు, నొక్కితే చాలు.

2016 మొదట్లో ఉత్సాహం ఎక్కువై బ్లాగంతా జాంగోలో తిరగరాశాను. చిరునామా కోసం రాసిన సూత్రంలో, "మాటలో ఉండదగ్గ అక్షరం" అని చెప్పే గుర్తు వాడాను. బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ అంటారు, ప్రోగ్రామర్లందరూ రోజూ వాడేదే. శీర్షికలోంచి చిరునామా తయారుచేసే వరసలోనూ అదే గుర్తు. ఆ గుర్తుకి చెందనివి తీసెయ్యి అన్నాను. పైథాన్ లెక్కలో త అక్షరమే, ల అక్షరమే, గ అక్షరమే. కానీ గుణింతపు గుర్తులు, పొల్లు, సున్నా అక్షరాలు కావు! యూనికోడ్ వాటిని "చిహ్నాలు" అనే వేరే తరగతిలో పెట్టింది, పైథాన్ ఆ తరగతిని మాటల్లో కలుపుకోదు. చిహ్నాలు కూడా కలుపుకోవాలని యూనికోడ్ వాళ్ళ మార్గదర్శకమే చెబుతోంది, పెర్ల్ కలుపుకుంటుంది. నేను మాత్రం చూసుకోలేదు. ఇంగ్లీషు శీర్షికలున్న రెండు టపాలు నొక్కి చూసి, పని చేస్తోందని పడుకున్నాను.

ఫలితం ఏమిటంటే, తాతయ్య-తపాలా-సంచి కాస్తా తతయయ-తపల-సచ అయ్యింది. బడికెళ్ళిన మొదటివారం పిల్లాడు రాసినట్టు. కొత్త చిరునామాలో చిహ్నాలు లేవు కాబట్టి నా సూత్రం దాన్ని రానిచ్చేది. అందుకే నా మొదటి పేజీలోంచి వెళ్ళేవాళ్ళకి ఏ తేడా తెలియలేదు. బ్రౌజరులోంచి చిరునామా నకలు తీస్తే ఎలాగూ శాతం గుర్తులే వస్తాయి, చదివేదెవరు? సరైన తెలుగుతో వచ్చిన పాత చిరునామా మాత్రం మొదటి దీర్ఘం దగ్గరే ఆగిపోయేది. టపా కోసం వెతకడం దాకా కూడా వెళ్ళేది కాదు. గుమ్మంలోనే "లేదు".

చిరునామాలు మారకూడదని టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే ఒక చిన్న పత్రం రాశారు. రచయిత పేరు, ఏ సాఫ్ట్‌వేరు వాడారో, ఫైలు ఏ రకమో, ఇవేవీ చిరునామాలో పెట్టకండి, రేపు మారతాయి అని. ఎమ్మెస్‌లో నేనది చదివాను. క్లయింట్లకి పంపాను కూడా. నా పెదనాన్నకి అదే ఎగ్గొట్టాను.

నాన్న ఫోన్ పెట్టాక సర్వరు లాగులు తెరిచాను. పాతవి చెరపకపోవడం నా బద్ధకం, ఆ రోజు పనికొచ్చింది. మూడేళ్ళలో 404 అయిన తెలుగు చిరునామాలు వెతికితే చాలా వచ్చాయి, ఎక్కువ యంత్రాలు అడిగినవే. తాతయ్య టపా దగ్గర మాత్రం మనిషి అడిగినట్టు కనిపించే వరసలు కొన్ని ఉన్నాయి. ఒక్కో ఏడూ ఒక్క రోజే, రెండు మూడు సార్లు వెంటవెంటనే. 2016 నవంబరు 14. 2017 నవంబరు 4. 2018 నవంబరు 23. ఈ తేదీల్లో నాకు ఏ సూత్రమూ కనబడలేదు. మా ఆవిడ వెనకనుంచి చూసి, గోడ మీది క్యాలెండరు కాదు గానీ ఫోన్‌లో పంచాంగం తీసింది. మూడూ కార్తీక పౌర్ణమే. ప్రతి ఏడూ ఆ సాయంత్రం పెదనాన్న నొక్కారు. రాలేదని మళ్ళీ నొక్కారు. ఊరుకున్నారు.

బాగుచెయ్యడానికి ఆ ఆదివారమంతా పట్టింది. సూత్రంలో "మాటలో ఉండదగ్గ అక్షరం" అన్నది తీసేసి, "ఏటవాలు గీత తప్ప ఏదైనా" అని పెట్టాను. [^/]+, ఐదు గుర్తులు. పాత చిరునామాలన్నిటికీ, మధ్యలో తెగినవాటితో సహా, 187 వరసల పట్టిక ఒకటి చేసి, ఏది అడిగినా ఇప్పటి ఇంటికి పంపేలా శాశ్వత మళ్ళింపు పెట్టాను. మూడేళ్ళు బతికిన ఆ తతయయ చిరునామాకి కూడా ఒక వరస ఇచ్చాను, ఎవరైనా దాచుకున్నారేమో. కొత్త చిరునామాలో టపా అంకె ముందుంటుంది, శీర్షిక వెనకుంటుంది. సర్వరు అంకె మాత్రమే చదువుతుంది. వెనకాల ఎవరెలా రాసినా, మధ్యలో తెగినా, పేజీ వస్తుంది. ఊరి పేరు చెరిగిపోయినా పిన్‌కోడ్ ఉంటే ఉత్తరం వచ్చినట్టు.

మన రాత్రికి, వాళ్ళ పొద్దుటికి పెదనాన్నకి ఫోన్ చేశాను. ముందే ఎందుకు అడగలేదు పెదనాన్నా అంటే, "నువ్వు పనిలో ఉంటావు, దానికోసం ఏమడుగుతాంలే" అన్నారు. ఒకసారి నొక్కి చూడమన్నాను. ఫోన్ చెవి దగ్గర తీసి నొక్కడం, మనవణ్ణి పిలవడం, కళ్ళజోడు ఎక్కడుందని వెతకడం, అన్నీ వినబడుతున్నాయి. కాసేపు ఏమీ వినబడలేదు. తరువాత లైన్లోకి వచ్చారు.

"వచ్చిందిరా. అవునూ, ఫోటో కొంచెం పెద్దది పెట్టలేకపోయావా? అరుగు సగమే కనపడుతోంది."